ఉత్తరములకు ఉనికిపట్టు: బల్లకొక యంత్రమా, అందఱికొక సర్వరా?

తపతీనది సముద్రమును చేరుటకు ముందు తిరుగు కట్టకడపటి వంపుల యొడ్డున వెలసిన సూరతు నగరము, నాలుగు శతాబ్దములుగా వర్తకముచేతనే కాక, వర్తకమునకు ప్రాణమైన ఉత్తర ప్రత్యుత్తరములచేతను బ్రదుకుచున్నది. 1613లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మొగలు చక్రవర్తి అనుమతి బడసి ఇచ్చట తమ వర్తకస్థానమును నెలకొల్పుకొనిరి. అంతకు రెండేండ్లు ముందే, 1611లో, మన మచిలీపట్టణమున వారి కోఠీ వెలసియుండెను. ఆ కోఠీలలోని ఉద్యోగులు తాము వ్రాసిన ముఖ్యమైన ఉత్తరములకు నకలు తీసి కోఠీ పుస్తకమున ఎక్కించుకొనుచు, లండనునకు పోవలసిన వానిని, ఒక ఓడ మునిగినను మఱియొక ఓడలోనిది చేరునట్లు, వేర్వేఱు ఓడలపై ఒకటికంటె ఎక్కువ ప్రతులుగా పంపుచుండెడివారు. వ్రాసినవాడు స్వదేశమునకు మరలిపోయినను, జ్వరమున మరణించినను, వాని స్థానమున కూర్చున్నవాడు ఆ పుస్తకమును తెఱచి, నిన్నటి మాట ఎచ్చట ఆగినదో చూచుకొని, నేటి మాటను అచ్చటనుండియే సాగింపగలిగెడివాడు. ఉత్తరము వ్రాసిన చేయి ఒక వ్యక్తిది. ఉత్తరము మాత్రము సంస్థది.

ఆ పుస్తకము చేసిన పనిని నేడు చేయవలసినది ఈ-మెయిలు. సూరతున రింగురోడ్డు పొడవునను, సారోలి వైపునను ఉన్న బట్టల మార్కెట్లలో వేలకొలది దుకాణములు కలవు; పాండేసరా, సచిన్ ప్రాంతములలో అద్దకపు మిల్లులు కలవు; ఖజోద్ వద్ద 2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్సునందు, తొమ్మిది భవనములలో, 4,500కు పైగా కార్యాలయములకు చోటు కలదు. చీరల బొమ్మలను వాట్సాప్‌లో చూపి, ధరను ఫోనులో తేల్చుకొను అలవాటు ఇచ్చట ఎంత ప్రబలినను, బ్యాంకు వ్రాయు లెటర్ ఆఫ్ క్రెడిట్టు సంగతియు, విదేశపు కొనుగోలుదారు అంగీకారపత్రమును, పన్నుల శాఖవారి నోటీసును, రవాణా సంస్థ పంపు కాగితములును ఈ-మెయిలు మార్గముననే వచ్చుచున్నవి.

ముప్పది నలువదిమంది పనిచేయు ఒక బట్టల పేఢీని, అనగా వర్తక సంస్థను, తలచుకొందము. గద్దీపై కూర్చుండు సేఠు, లెక్కలు చూచు మెహతాజీ, మిల్లునకు అద్దకము కాని గ్రే గుడ్డ పంపించు గుమాస్తా, ఊరూర నున్న ఆడతియాలతో (కమీషను వర్తకులతో) ఆర్డర్లు మాటలాడువారు, పార్సెళ్లకు బిల్టీలు (రవాణా రసీదులు) పుచ్చుకొనువారు, అందఱును ఏదో యొక కంప్యూటరు ముందు కూర్చుండువారే. వీరందఱికిని ఈ-మెయిలు సమకూర్చవలసి వచ్చినపుడు యజమాని ముందు రెండు దారులు నిలుచును: ప్రతి బల్లమీది కంప్యూటరులోను మెయిలు సాఫ్ట్‌వేరును వేర్వేఱుగా ఎక్కించి, ఎవరి ఉత్తరములను వారి యంత్రముననే దాచుకొననిచ్చుట ఒకటి, ఉత్తరములన్నిటిని ఒక సర్వరునందు నిలిపి, బల్లమీది యంత్రములను కేవలము చూచుటకును వ్రాయుటకును వాడుకొనుట రెండవది. చూచుటకు ఇది యంత్రములను అమర్చు మిస్త్రీ పనివలె కనబడును. కాని ఈ నిర్ణయముననే పేఢీ జ్ఞాపకశక్తి ఎచ్చట నుండవలెను, ఎంతకాలము నిలువవలెను, ఏ విపత్తునకు నశింపవలెను అను విషయములన్నియు మనకు తెలియకుండగనే నిర్ణయమై పోవుచున్నవి.

లేఖా ప్రయాణము

ఈ-మెయిలు వయస్సు సామాన్యులు తలచునంత తక్కువ కాదు. 1965లో, అమెరికాయందలి ఎం.ఐ.టి. విద్యాసంస్థలో, అనేకులు కాలమును పంచుకొని వాడుకొను ఒకే పెద్ద కంప్యూటరుమీద, ఒకరికొకరు సందేశములు విడిచిపోవుటకు టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనువారు ఒక ప్రోగ్రామును వ్రాసిరి. ఆ సందేశము ఆ యంత్రమును విడిచి ఎచ్చటికిని పోయెడిది కాదు; చదువవలసినవాడు తన టెర్మినలు ముందు కూర్చున్నపుడు అది అచ్చటనే అగపడెడిది. 1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఆర్పానెట్ అను తొలి వలయముపై ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు సందేశమును పంపి, మనిషి పేరును యంత్రము పేరును వేఱుపఱచుటకు ‘ఎట్’ గుర్తును వాడెను. అనగా, ఈ-మెయిలు పుట్టినపుడు కేంద్రీకృతముగనే పుట్టినది. ఉత్తరములు బల్లలమీదికి చెదరిపోయినది తరువాత, బల్లలమీదికి కంప్యూటర్లు వచ్చిన పిమ్మట.

1982లో జాన్ పోస్టెల్ గ్రంథస్థము చేసిన ఎస్.ఎం.టి.పి. అను నియమావళి ప్రకారము నేటికిని ఉత్తరములు ఊరికి ఊరు దాటుచున్నవి. పంపువాని యంత్రము ఉత్తరమును తన సర్వరునకు అప్పగించును. ఆ సర్వరు, చిరునామాలోని ‘ఎట్’ గుర్తునకు తరువాతి భాగమును చూచి, ఆ సంస్థ తరఫున ఉత్తరములు పుచ్చుకొను యంత్రము ఏదియో డొమైను పేర్ల పట్టికయందు విచారించి, దానికి నేరుగా అందించును. ఇది నెట్టుకొనిపోయి ఇచ్చు పద్ధతియే గాని, వచ్చి పుచ్చుకొను పద్ధతి కాదు. కనుక పుచ్చుకొనవలసిన యంత్రము రేయింబవళ్లు మేలుకొనియే యుండవలెను. రాత్రి దుకాణము మూయునపుడు ఆర్పివేయు బల్లమీది కంప్యూటరు ఇట్టి ద్వారపాలకత్వమునకు పనికిరాదు. అందుచేత, ఏ ఏర్పాటునందైనను, మేలుకొనియుండు సర్వరొకటి తప్పక యుండును. అది పేఢీలోనిదే కావచ్చును, అద్దెకు ఇచ్చిన మఱియొక సంస్థది కావచ్చును.

ఆ సర్వరునుండి బల్లవఱకు గల కడపటి మజిలీలో రెండు మార్గములు ఏర్పడినవి. 1984లో వెలువడిన పాప్ అను నియమావళి సర్వరుకడ నిలిచియున్న ఉత్తరములను బల్లమీది యంత్రమునకు దింపివేయును. వేఱుగా చెప్పనిచో సర్వరుపై నున్న ప్రతిని తుడిచివేయుటయు ఆనాటి వాడుక. 1986లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ అను నియమావళి ఉత్తరమును ఉన్నచోటనే ఉండనిచ్చి, దానిని చూపించును; చదివినదో లేదో అను గుర్తును, ఏ ఫోల్డరున నున్నదను వివరమును సైతము సర్వరునందే నిలుపును. కావున సాఫ్ట్‌వేరును ఎన్ని యంత్రములపై ఎక్కించితిమి అనునది పైపై ప్రశ్న. ఉత్తరము కడపట ఎచ్చట విశ్రమించుచున్నది అనునది అసలు ప్రశ్న.

బల్లబల్లకు నొక భాండారము

మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమ్ వారు సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చిరి. ఆనాడు మోడెమును టెలిఫోను తీగకు తగిలించి, కూఁతలు పెట్టించి, కలిసినంతసేపు కాలమును బట్టి రుసుము చెల్లింపవలసియుండెడిది. ఇట్టి పరిస్థితియందు ఉత్తరములను సర్వరునందే ఉంచి ఒక్కొక్కటిగా తీరికగా చదువుట ధనమును తీగలోనికి పోయుటయే యగును. గబగబ కలిసి, ఉన్నవానినెల్ల దింపుకొని, తీగను విడిచి, పిమ్మట నింపాదిగా చదువుకొని, ప్రత్యుత్తరములు వ్రాసి, మరల కలిసి పంపుటయే తెలివి. 1988లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున స్టీవ్ డార్నర్ వ్రాసిన యుడోరాయు, పిమ్మట ఇంటింటను వ్యాపించిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్సును ఈ అవసరమునకు చక్కగా ఒదిగిపోయినవి. కనుక బల్లబల్లకు నొక భాండారము అను ఏర్పాటు అవివేకమునుండి పుట్టినది కాదు. సన్నని తీగయు, నిమిషములను బట్టి పెరుగు రుసుమును దానిని పుట్టించినవి.

అయినను ఆ ఏర్పాటు పెట్టు ఖర్చు ఒక్కసారిగా కనబడునది కాదు. నలువది యంత్రములపై సాఫ్ట్‌వేరును ఎక్కించి, వచ్చు సర్వరు పేరు, పోవు సర్వరు పేరు, సంకేతనామము, పాస్‌వర్డు మున్నగు వానిని తప్పులేక నింపి, ఒక ఉత్తరమును పంపి చూచుటకు, యంత్రమునకు 20 నిమిషములు చాలునని అనుకొన్నను, 800 నిమిషములు, అనగా 13 గంటలకు పైగా పట్టును. ఇది మొదటి రోజు సంగతి మాత్రమే. సర్వరు పేరు మాఱిన దినమున మరల అంతయు తిరుగవలెను; కొత్త వెర్షను వచ్చినపుడు మరల; హార్డుడిస్కు చెడినపుడు మరల. పెద్ద సంస్థలు ఈ బాధను తప్పించుకొనుటకు కొన్ని ఉపాయములను కనిపెట్టినవి: ఒక యంత్రమును సర్వసన్నద్ధము గావించి దాని డిస్కును అచ్చుగుద్దినట్లు మిగిలిన యంత్రములకు ఎక్కించుట ఒకటి, విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ వంటి ఏర్పాటుద్వారా ఒకచోట కూర్చుండి అన్ని యంత్రములకును సాఫ్ట్‌వేరును పంపుట మఱియొకటి, చిరునామాను మాత్రము అడిగి తక్కిన వివరములను సాఫ్ట్‌వేరే తెలిసికొనునట్లు చేయుట వేఱొకటి. ఇవి స్థాపన శ్రమను తగ్గించినవి గాని, ఉత్తరములు నలువది డిస్కులపై చెదరియుండుట అను మూలవ్యాధిని తాకలేదు.

ఆ వ్యాధి లక్షణములు పలువిధములు. మైక్రోసాఫ్టువారి అవుట్‌లుక్, పాప్ పద్ధతిలో, తన ఉత్తరములన్నిటిని పి.ఎస్.టి. అను ఒకే ఫైలునందు దాచును. అవుట్‌లుక్ 2002 అను వెర్షను వఱకు ఆ ఫైలు 2 గిగాబైట్లకు మించి పెరుగుటకు వీలులేదు. ఆ హద్దును తాకిన దినమున ఫైలు తెఱచుకొనక మొరాయించగా, దానిని బ్రదికించుటకు మైక్రోసాఫ్టువారు ఇచ్చిన పనిముట్టు తోకను కొంత కత్తిరించి తక్కినదానిని కాపాడెడిది. కత్తిరింపబడిన భాగమున ఎవని ఆర్డరు పోయినదో ముందుగా చెప్పగలవారు లేరు. కొందఱు మధ్యేమార్గముగా ఈ ఫైళ్లన్నిటిని సర్వరుపై నొక ఫోల్డరునందుంచి, బల్లలనుండి నెట్‌వర్కుద్వారా తెఱచుకొనుచుండెడివారు. కేంద్రీకరణ వలెనే కనబడు ఈ పని కేంద్రీకరణ కాదు: తన యంత్రములోని డిస్కున ఉండుటకు ఉద్దేశింపబడిన ఫైలును తీగమీదుగా చిన్నచిన్న ముక్కలుగా వ్రాయునపుడు, తీగ ఒక్క క్షణము తెగినను ఫైలు చెడిపోవచ్చును గనుక, మైక్రోసాఫ్టువారే ఈ పద్ధతిని వలదని చెప్పిరి.

2000 మే 4న ఐ లవ్ యూ అను వైరసు ప్రేమలేఖ వేషమున వచ్చి, దానిని తెఱచినవాని యంత్రములోని చిరునామాల పుస్తకమును చూచి, అందున్నవారికందఱికిని తనను తాను పంపుకొని, గంటల వ్యవధిలో ఖండములు దాటినది. ఉత్తరములును, చిరునామాలును, వానిని నడపు సాఫ్ట్‌వేరును బల్లబల్లకును ఉన్నపుడు, కావలివాడు సైతము బల్లబల్లకును ఉండవలెను. ముప్పదితొమ్మిది యంత్రములు శుభ్రముగా నుండి నలువదవది ఏమఱినను చాలును.

సామగ్రి బల్లబల్లకును వేర్వేఱుగా నుండుట విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన అనుభవమొకటి కలదు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వలసపోయిన పద్మశాలీలు సూరతున లింబాయతు మున్నగు పేటలయందు తరములుగా స్థిరపడియున్నారు; వారి పిల్లలకొఱకు సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. యూనికోడు వ్యాపింపక పూర్వము తెలుగున టైపుచేసిన ఉత్తరము, పంపినవాని యంత్రమునందున్న ఫాంటే పుచ్చుకొన్నవాని యంత్రమునందును ఉన్నప్పుడు మాత్రమే తెలుగుగా కనబడెడిది. లేనిచో అర్థములేని గుర్తుల గుంపు. అనగా అక్షరములు సైతము బల్లబల్లకును వేర్వేఱుగా స్థాపింపవలసిన సామగ్రిగా నుండెను. 1991 నాటి యూనికోడు మొదటి వెర్షనునందే తెలుగునకు స్థానము లభించినది. 1992లో వెలువడిన మైమ్ అను నియమావళి రోమను లిపి కాని అక్షరములను మెయిలుద్వారా పంపుటకు దారిచేసినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను ఫాంటు వచ్చినది. ఇవి మూడును కలిసిన పిమ్మట గాని, సూరతునందలి తెలుగువాడు సిరిసిల్లకు వ్రాసిన ఉత్తరము వ్రాసినట్లే చేరుట నమ్మకమైన విషయము కాలేదు.

అందఱికొక భాండారము

తీగ లావెక్కిన కొలది రెండవ దారి తెఱచుకొన్నది. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిలును ప్రారంభించి, బల్లమీది యంత్రమున బ్రౌజరు తప్ప వేఱే సాఫ్ట్‌వేరు లేకుండగనే ఉత్తరములు చదువవచ్చునని లోకమునకు చూపిరి. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్టువారి ఎక్స్చేంజి సర్వరు విపణికి వచ్చి, కార్యాలయములకు ఉత్తరములను, చిరునామాలను, క్యాలెండరును ఒకే చోట నిలుపు వసతిని కలిగించినది. 2004 ఏప్రిల్ 1న జీమెయిలు 1 గిగాబైటు చోటిచ్చుటతో, స్థలము చాలక ఉత్తరములను దింపుకొనుచున్నామను సాకు సైతము పలుచబడినది.

తీగ లావునకును ఈ మార్పునకును గల సంబంధమును లెక్కలో చూచినచో స్పష్టమగును. ఒక కొత్త చీరల క్యాటలాగు 6 మెగాబైట్ల ఫైలు అనుకొందము. మెయిలునందు అటాచ్‌మెంటు పోవునపుడు ప్రతి 3 బైట్లును 4 అక్షరములుగా మార్పబడును గనుక అది 8 మెగాబైట్లగును. దానిని సేఠు తన నలువదిమందికి పంపినాడు. సర్వరు ఊరి వెలుపల నున్నదనుకొనుడు: 2004 నాటి ప్రభుత్వ విధానము బ్రాడ్‌బ్యాండుగా గుర్తించిన కనిష్ఠ వేగము 256 కిలోబిట్లపై, ఒక్కొక్క ప్రతి దిగుటకు 250 సెకండ్లు, నలువది ప్రతులకు 10,000 సెకండ్లు, అనగా 2 గంటల 46 నిమిషములకు పైగా పట్టును, అంతసేపును పేఢీకి వచ్చు వేఱు ఉత్తరములు ఆలస్యమగును. అదే పని నేటి 100 మెగాబిట్ల తీగపై అర నిమిషము లోపల ముగియును. సర్వరు పేఢీలోనే యున్నచో వెలుపలి తీగ అవసరమే లేదు, లోపలి నెట్‌వర్కు చాలును. ఒకే భాండారమున నున్నపుడు ఆ 320 మెగాబైట్లకు బదులు ఒక్క ప్రతినే దాచి నలువదిమందికి చూపుటయు సాధ్యమే. ఎక్స్చేంజి సర్వరు అట్లే చేయుచుండెడిది. కాని డిస్కులు చవుకై, స్థలముకంటె చదువు వేగమే ముఖ్యమైన పిమ్మట, 2010 వెర్షనునుండి ఆ పొదుపును వారే విడిచిపెట్టిరి. ఇంజనీరింగున శాశ్వతమైన ఉత్తమ పద్ధతి లేదనుటకును, ఏది ప్రియమో ఏది చవుకో మాఱినపుడెల్ల పద్ధతి మాఱుననుటకును ఇది మంచి నిదర్శనము.

కేంద్రీకరణమువలన కలుగు మేలులలో స్థాపన శ్రమ తగ్గుట చిన్నది. గుమాస్తా పని మానిన దినమున వాని పాస్‌వర్డును మార్చి, వాని స్థానమున వచ్చినవానికి ఆ పెట్టెను అప్పగించిన చాలును. జి.ఎస్.టి. చట్టము ప్రకారము లెక్కల పుస్తకములను వార్షిక రిటర్ను గడువునుండి 72 నెలలు భద్రపఱుపవలెను. ఆ లెక్కలకు ఆధారములైన ఉత్తరములు ఆఱేండ్ల క్రిందట మానిపోయిన ఉద్యోగి కంప్యూటరునందు మాత్రమే ఉండి, ఆ కంప్యూటరు పాతసామానువానికి పోయినచో, చట్టమునకు చెప్పుకొన దగిన సమాధానమేమి కలదు? మఱియు, నేడు పెద్ద మెయిలు సంస్థలు, పంపినవాడు నిజముగా ఆ సంస్థవాడేనా యని, ఆ సంస్థ ప్రకటించిన సర్వర్ల జాబితాను, సర్వరు వేసిన రహస్యముద్రను పరీక్షించిగాని ఉత్తరమును లోనికి రానిచ్చుట లేదు. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలు ఈ నియమములను కఠినతరము గావించినవి. పోవు ఉత్తరములన్నియు ఒక్క ద్వారమున పోవునపుడే ఇట్టి ముద్ర నమ్మకముగా పడును. “మా బ్యాంకు ఖాతా మాఱినది, సొమ్మును ఈ కొత్త ఖాతాకు పంపుడు” అని సరఫరాదారు పేర దొంగలు వ్రాయు ఉత్తరమును పట్టుకొనుటకును, ఉత్తరములన్నియు వచ్చు ఒక్క ద్వారమే తగిన తావు.

అయితే కేంద్రము చెడినపుడు అంతయు చెడును. 2022 నవంబరు 23న ఢిల్లీయందలి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లను దుండగులు తాళము వేసి పట్టుకొనగా, ఆ మహాసంస్థ పలుదినములు కాగితములపైననే రోగుల వివరములను వ్రాసికొనవలసి వచ్చినది. 2021 మార్చిలో ఎక్స్చేంజి సర్వరునందలి లోపములు బయలుపడినపుడు, ప్రపంచమున పదులవేల సంస్థల సర్వర్లు, కొన్ని సవరణ వెలువడక మునుపే, తక్కినవి సకాలమున సరిదిద్దుకొనని కారణమున, పరుల చేతికి చిక్కినవి. 2000 నాటి వైరసు బల్లల అజాగ్రత్తను వెదకికొనిపోయినది. 2021 నాటి దాడి కేంద్రముయొక్క లోపమును వెదకికొనిపోయినది.

ఇచ్చట సూరతు ప్రజలకు సుపరిచితమైన మగ్గముతో పోలిక చెప్పవచ్చును. తొలినాటి నేతమిల్లులలో ఒకే ఆవిరియంత్రము పొడవైన ఇరుసును త్రిప్పగా, ఆ ఇరుసునుండి తోలుపట్టెలు దిగి మగ్గములన్నిటిని నడుపుచుండెడివి. ఇరుసు ఆగినచో మిల్లంతయు ఆగెడిది. విద్యుత్తు వచ్చిన పిమ్మట మగ్గమునకొక మోటారు అమరి, ఒకటి చెడినను తక్కినవి ఆడుట సాధ్యమైనది. నేతయందు కేంద్రమునుండి విడివిడికి జరిగిన ఈ ప్రయాణము మెయిలు విషయమున విడివిడినుండి కేంద్రమునకు జరుగుటకు కారణమేమి? మగ్గమునకు కావలసినది శక్తి; శక్తిని ముక్కలు చేసి పంచినను ప్రతి ముక్కయు శక్తియే. కార్యాలయమునకు కావలసినది జ్ఞాపకము. జ్ఞాపకమును ముక్కలు చేసి పంచినచో ఏ ముక్కకును పూర్తి సంగతి తెలియదు. అందుచేత పనిని పంచుట మేలు, జ్ఞాపకమును కూర్చుట మేలు.

2006 ఆగస్టు

కూర్చిన జ్ఞాపకమును ఎచ్చట నుంచవలెనను ప్రశ్నకు సూరతు చరిత్రయే కఠినమైన పాఠము చెప్పినది. నగరమునకు ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరమున, 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్టలోనికి, మహారాష్ట్ర, మధ్యప్రదేశములలో కురిసిన భారీ వర్షముల నీరు 2006 ఆగస్టు మొదటి వారమున వచ్చిపడినది; ఆనకట్టనుండి విడువక తప్పని ఆ ప్రవాహము ఆగస్టు 7నుండి నగరమును ముంచి, అత్యధిక భాగమును జలమయము గావించినది. విద్యుత్తు ఆగినది, టెలిఫోనులు మూగవోయినవి, నేల అంతస్తులలోను నేలమాళిగలలోను నున్న దుకాణములలోని బట్ట బేళ్లకు బేళ్లుగా నానిపోయినది.

ఇట్టి దినమున మన రెండు ఏర్పాట్ల గతి యేమి? బల్లబల్లకును భాండారమున్న పేఢీలో, నేల అంతస్తున నున్న యంత్రముల ఉత్తరములు మునిగి, మేడమీదివి మాత్రము మిగులును. ఎవనిది మిగిలినది, ఎవనిది పోయినది అనునది మెట్ల లెక్కనుబట్టి తేలును. సర్వరును కేంద్రీకరించి, బరువైనదని, చల్లగా నుండునని నేలమాళిగలో పెట్టుకొన్న పేఢీకి అదియు మిగులదు. ఒక డిస్కునకు తోడుగా మఱియొక డిస్కును అదే పెట్టెలో అమర్చి, ఒకటి చెడినను రెండవది నడచునట్లు చేసికొన్నవాడు డిస్కు మరణమునుండి రక్షింపబడునుగాని, వఱదనుండి రక్షింపబడడు, ఏలయన నీటికి రెండు డిస్కులును ఒక్కటియే. అగ్నికిని అంతియే: 1837లో ఈ నగరమును దహించిన మహాగ్నిని చరిత్రకారులు వ్రాసియున్నారు, 2025 ఫిబ్రవరి కడపటి వారమున రింగురోడ్డునందలి శివశక్తి టెక్స్‌టైల్ మార్కెటున వందలకొలది దుకాణములు నిప్పుపాలైనవి.

కావున కేంద్రము అనగా తన యింటిలోని ఒక పెట్టె అని భావించుట చాలదు. ఒక భాండారము, దానికి దూరమున నొక ప్రతి, ఆ రెండును ఒకే నది పరీవాహమున లేకుండుట అని భావింపవలెను. నేడు పలువురు చేయుచున్నట్లు, మెయిలు భాండారమును అద్దెకు తీసికొన్నచో, అద్దెకిచ్చు సంస్థవారు తమ ప్రతులను వేర్వేఱు నగరములలోని డేటా కేంద్రములయందు నిలుపుదురు. కేంద్ర ప్రభుత్వము సైతము తన ఉద్యోగుల మెయిలును, సుమారు 12 లక్షల చిరునామాలను, జాతీయ సమాచార కేంద్రము ఆధ్వర్యముననే, తమిళనాట ప్రధాన కార్యాలయము గల జోహో సంస్థ వేదికపైకి మార్చినది. అద్దె భాండారమునను మెలకువ వలయును: తీగ తెగిన దినమున పని నడచుటెట్లు, ఉత్తరములను మఱియొక సంస్థకు తరలించుకొనుటకు వీలున్నదా, నెలసరి రుసుము ఉద్యోగుల సంఖ్యనుబట్టి ఎట్లు పెరుగును అను ప్రశ్నలను ఒప్పందమునకు ముందే అడుగవలెను.

ఏది ఎచ్చట నుండవలెను

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి, మొదట నిలిపిన రెండు దారులును వేఱువేఱు దారులు కావనియు, పొరపాటున ఒకే ప్రశ్నగా ముడిపడిన రెండు ప్రశ్నలనియు తేలుచున్నది. ఉత్తరములను ఎచ్చట దాచవలెను అనునది మొదటిది. దీనికి సమాధానము ఒక భాండారముననే యని, ఇద్దఱు ముగ్గురు పనిచేయు చిన్న దుకాణము మొదలుకొని ప్రభుత్వము వఱకు అందఱికిని ఒక్కటియే. ఉత్తరములను ఏ కిటికీనుండి చూడవలెను అనునది రెండవది. దీనికి సమాధానము పనినిబట్టి మాఱవచ్చును. దినమున నాలుగుత్తరములు చూచు బిల్టీ గుమాస్తాకు బ్రౌజరు చాలును. అతని బల్లపై వేఱే సాఫ్ట్‌వేరును ఎక్కించుట వృథాశ్రమ. వందలకొలది ఉత్తరములను వెదకి, వర్గీకరించి, తీగ లేనపుడును చదువవలసిన ఎగుమతి శాఖవానికి థండర్‌బర్డు, అవుట్‌లుక్ వంటి సాఫ్ట్‌వేరు ఉపకరించును. కాని దానిని ఐమ్యాప్ వంటి పద్ధతిలో అమర్చి, బల్లపై నున్నది సర్వరునందున్నదానికి ప్రతిబింబముగా మాత్రమే ఉండునట్లు చూడవలెను. ఇట్లు చేసినచో బల్లమీది యంత్రము దొంగలపాలైనను, నీటిపాలైనను, పోయినది యంత్రమేగాని ఉత్తరము కాదు. తీగ తెగినను, నిన్నటివఱకు వచ్చిన ఉత్తరములు బల్లపై చదువుటకు దొరకును.

పాత పద్ధతిలో నున్న పేఢీ ఈ ఏర్పాటునకు మాఱునపుడు ఒక క్రమమును పాటించుట మంచిది. మొదట ప్రతి యంత్రమునందలి పాత ఫైలును నకలు తీసి భద్రము గావింపవలెను. పిమ్మట పాప్ అమరికలో “సర్వరునందు ప్రతిని ఉంచుము” అను గుర్తును పెట్టి, కొత్త ఉత్తరములు చెదరుటను ఆపవలెను. ఆ తరువాతనే పాతవానిని శాఖలవారీగా భాండారమునకు ఎక్కింపవలెను. పాత ప్రతిని తొందరపడి తుడువరాదు. భాండారమును ఏర్పఱచిన పిమ్మట, దాని దూరపు ప్రతినుండి ఒక పెట్టెను నిజముగా తిరిగి నిలిపి చూచుట అనివార్యము. బ్యాకప్పు తీయబడుచున్నదని యంత్రము చెప్పుట వేఱు, దానినుండి ఉత్తరము తిరిగివచ్చుట వేఱు. తపతి ఒడ్డున నున్న ఊరిలో ఈ పరీక్షకు అనువైన కాలము వానలు ప్రారంభమగుటకు ముందటి వేసవి. ఆ పరీక్షలో నెగ్గిన పేఢీకి బల్లపై నున్నది ఏ సాఫ్ట్‌వేరు అను చర్చ కేవలము అభిరుచికి సంబంధించిన విషయము మాత్రమే.